బల్ల కింది రైల్వే

బటన్ నొక్కితే ‘ఠక్’మనాలి. అనలేదు.

బల్ల మీద చూస్తే ఏ లోటూ లేదు. అరచేతిలో ఇమిడే ఇంజిను ప్లాట్‌ఫాం పక్కన ఆగి ఉంది. బొటనవేలి గోరంత మనుషులు పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. లెవెల్ క్రాసింగ్ దగ్గర పాలబండి గేటు ఎప్పుడు తీస్తారా అని చూస్తోంది. రైలును రెండో లైనులోకి మళ్లించే పాయింటు మాత్రం మొరాయించింది. యజమాని మరోసారి నొక్కాడు, ఈసారి కాస్త గట్టిగా. వేలు నొప్పి పుట్టింది తప్ప పట్టా కదల్లేదు. ఇక చేసేదేముంది? టార్చిలైటు, మల్టీమీటరు తీసుకుని, మోకాళ్లను బతిమాలుకుంటూ బల్ల కిందికి దూరాడు.

మోడల్ రైల్వేల సరదా ఉన్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు కనిపించే దృశ్యమిది. బల్ల కింద ఉండేది వేరే లోకం. పైన పచ్చటి కొండ ఉన్నచోట కింద ఎర్ర, నల్ల, పసుపు వైర్ల చిక్కుముడి. పైన స్టేషన్ ఉన్నచోట కింద స్క్రూలు బిగించిన టెర్మినల్ బ్లాకుల వరస. చూడవచ్చినవాళ్ల కళ్లన్నీ రైలు మీదే ఉంటాయి. నడిపేవాళ్లను సతాయించేది మాత్రం ఎక్కువగా దాని చుట్టూ ఉండే సరంజామా: పాయింట్ మోటార్లు, సిగ్నళ్లు, వీధిదీపాలు, గేట్లు. వాటిలో కరెంటు ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం ఓ విద్య. లోపం బయటపడే చోటు ఒకటి, దాక్కునే చోటు మరొకటి కావడమే ఇందులో తిరకాసు.

లైప్‌జిగ్ సంతలో మొదలు

ఈ సరంజామా వ్యాపారానికి వయసు నూట ముప్పై ఏళ్లు దాటింది. జర్మనీలోని గొప్పింగెన్‌కు చెందిన మెర్క్‌లిన్ సంస్థ మొదట్లో బొమ్మరిళ్లకు కావాల్సిన రేకు వంటసామాను తయారుచేసేది. ఒకసారి బొమ్మరిల్లు కొన్న కుటుంబం ఆ తర్వాత ఏటా ఏదో ఒక చిన్న సామాను కొంటూనే ఉంటుందని వాళ్లు గమనించారు. అదే కిటుకును రైళ్లకు వాడి, 1891లో లైప్‌జిగ్ సంతలో కొలతలు ఖరారు చేసిన పట్టాలతో రైలు సెట్లు పెట్టారు. కొలత ఒకటే అయితే ఈ ఏడు రైలు, వచ్చే ఏడు వంతెన, ఆపై ఏడు స్టేషన్ కొనుక్కుంటూ పోవచ్చు.

కరెంటు రైళ్లు ఆ వెనకే వచ్చాయి. న్యూయార్క్‌లో జాషువా లయొనెల్ కోవెన్ 1901లో ఓ కరెంటు బండిని తయారుచేశాడు. అది పిల్లల కోసం చేసింది కాదు, దుకాణాల అద్దాల వెనుక తిరుగుతూ దారినపోయేవాళ్లను ఆపడానికి చేసింది. జనం సరుకును వదిలేసి ఆ బండినే కొంటామన్నారు. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లు మొదలుపెట్టాడు. ఆ తొలినాళ్ల కరెంటు బొమ్మలు కొన్నింటిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంటి కరెంటునే ఒక బల్బు గుండా పంపి, కాస్త బలం తగ్గించి, నేరుగా పట్టాలకు ఇచ్చేవారు. పిల్లవాడి వేలు పట్టాకు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ నడుమకు వచ్చి, వోల్టేజిని 20 దగ్గరికి దించి ఆ గండం గట్టెక్కించింది.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ కొలతలో 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లే. మెర్క్‌లిన్ 1972లో తెచ్చిన జెడ్ కొలత మరీ చిన్నది, 220వ వంతు. కొలత తగ్గేకొద్దీ వైరు సన్నబడుతుంది, దీపం గింజంత అవుతుంది, టంకం పెట్టే చెయ్యి అంత నిలకడగా ఉండాలి.

ఈ సరదా ఎంతవరకు పోతుందో చూడాలంటే జర్మనీలోని హాంబర్గ్ వెళ్లాలి. అక్కడి పాత గిడ్డంగుల పేటలో బ్రౌన్ సోదరులు 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద మోడల్ రైల్వే. 16 కిలోమీటర్లకు పైగా పట్టాలు, వెయ్యికి మించిన రైళ్లు. పావుగంటకోసారి అక్కడ చీకటి పడుతుంది, లక్షల దీపాలు వెలుగుతాయి. మన దేశంలో ఇలాంటిది చూడాలంటే పుణెలోని కోత్రుడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. బి.ఎస్. జోషి జీవితకాలపు సరదా 1998లో ప్రదర్శనశాలగా మారింది. సిగ్నళ్లు, వీధిదీపాలు, ఫ్లైఓవర్‌తో సహా ఓ చిన్న ఊరే అక్కడ ఉంటుంది. అన్ని దీపాలున్న చోట రోజూ ఏదో ఒకటి ఆరుతుంది. ఎవరో ఒకరు బల్ల కిందికి దూరక తప్పదు.

చెవితో తొలి పరీక్ష

పట్టాలు రెండుగా చీలే చోటు పాయింటు. అక్కడ రెండు సన్నటి పట్టా ముక్కలు జంటగా అటో ఇటో జరిగి రైలుకు దారి చూపిస్తాయి. వాటిని జరిపేది కింద బిగించిన పాయింట్ మోటారు. పేరుకు మోటారే గాని, ఎక్కువమంది వాడే పాతరకంలో తిరిగేదంటూ ఏమీ ఉండదు. బొటనవేలంత చట్రంలో పక్కపక్కనే రెండు రాగితీగ కాయిళ్లు, వాటి నడుమ ఓ ఇనుప కడ్డీ. ఎడమ కాయిల్‌కు కరెంటిస్తే అది అయస్కాంతమై కడ్డీని అటు లాగుతుంది, కుడి కాయిల్‌కు ఇస్తే ఇటు. రెప్పపాటు కరెంటు చాలు.

అనుభవమున్నవాళ్లు మీటరు తీసేలోపే చెవితో సగం పరీక్ష పూర్తిచేస్తారు. నిండుగా ‘ఠక్’మంటే ఆరోగ్యం. నీరసంగా ‘టిక్’మంటే కరెంటు అందుతోంది గాని చాలినంత అందడం లేదు, లేదా కడ్డీకి ఏదో అడ్డుపడుతోంది. ‘జుయ్’మని ఆగకుండా మోగితే కరెంటు తెగకుండా పారుతోందన్నమాట. వెంటనే స్విచ్చి కట్టేయాలి. ఏ చప్పుడూ లేకపోతే దారిలో ఎక్కడో తీగ తెగింది. అన్నింటికంటే ఎక్కువ కబురు చెప్పేది ఒకవైపు మాత్రమే ‘ఠక్’మనే మోటారు. ఎడమకు పోతోంది, కుడికి రావడం లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, రెండు కాయిళ్లకూ ఉమ్మడిగా ఉండే వైరు బాగుంది. అనుమానించాల్సినవి ఇక మూడే: కుడి బటన్, కుడి వైరు, కుడి కాయిల్.

‘జుయ్’ చప్పుడుకు ఎందుకంత కంగారంటే, దాని వెనుక ఓ చిన్న లెక్క ఉంది. ఇలాంటి కాయిల్ నిరోధం సుమారు 4 ఓములు. 16 వోల్టులిస్తే 4 ఆంపియర్ల వరకూ లాగుతుంది. సప్లై అంత ఇవ్వగలిగితే కాయిల్‌లో పుట్టే వేడి 64 వాట్లు. పాతకాలపు అరవై క్యాండిల్ బల్బు ఎంత కాలేదో గుర్తున్నవాళ్లు, ఆ వేడంతా బొటనవేలంత తీగచుట్టలో పుడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రెప్పపాటుకైతే ఏమీ కాదు. బటన్ లోపల స్ప్రింగు బిగుసుకుపోయి నొక్కినది నొక్కినట్టే ఉండిపోతే మాత్రం కాసేపట్లో తీగ మీది వార్నిష్ మాడుతుంది, ప్లాస్టిక్ చట్రం మెత్తబడుతుంది. ఆ మాడువాసన ఒకసారి పీల్చినవాళ్లు జన్మలో మరిచిపోరు.

దీనికి విరుగుడు కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్ అనే చిన్న పెట్టె. వేల మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి అందులో 24 వోల్టుల దాకా నిండి కూర్చుంటుంది. బటన్ నొక్కగానే ఉన్నదంతా ఒక్క దెబ్బలో కాయిల్ మీద కుమ్మరిస్తుంది. పాయింటు గట్టిగా పడుతుంది. ఆ తర్వాత బటన్ ఇరుక్కుపోయినా కాయిల్‌కు అందేది కొద్దిపాటి కరెంటే కనుక అది మాడదు. ఈ పెట్టె లేని లేఅవుట్‌లో ఒకేసారి రెండు మూడు పాయింట్లు మార్చాలంటే ఒక ఆంపియరే ఇవ్వగల ట్రాన్స్‌ఫార్మర్ చేతులెత్తేస్తుంది. పాపం యజమాని మోటార్లు పాడయ్యాయనుకుని కొత్తవి కొంటాడు.

ఒకటా, అన్నీనా?

మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ‘ఫ్యాను తిరగట్లేదు బాబూ’ అంటే అతను ఫ్యాను వైపు చూడడు. ‘పక్క గదిలో లైటు వెలుగుతోందాండీ?’ అని అడుగుతాడు. బల్ల కింద వేయాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే. పోయింది ఒకటా, అన్నీనా? స్టేషన్‌లో ఆరు దీపాలుంటే ఒక్కటే ఆరిందంటే తప్పు ఆ దీపానిదో, దాని కొమ్మవైరుదో. ఆరూ ఒకేసారి ఆరాయంటే దీపాల జోలికి పోనేకూడదు. ఆరింటికీ ఉమ్మడిగా ఉన్న తిరుగు వైరు, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మర్ చూడాలి. ఒకేసారి ఆరు దీపాలు మాడిపోవడం అరుదు. ఒక స్క్రూ వదులవడం రోజూ జరిగేదే.

రెండో అడుగు, దారిని సగానికి నరకడం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి మోటారు దాకా పదహారు అతుకులున్నాయనుకుందాం. ఒకటో అతుకు నుంచి వరసగా చూసుకుంటూ పోతే అదృష్టం బాగోకపోతే పదహారూ చూడాలి. తిన్నగా ఎనిమిదో అతుకు దగ్గర మీటరు పెడితే? అక్కడ కరెంటు ఉంటే తప్పు ఆ తర్వాత ఉంది, లేకపోతే అంతకుముందు ఉంది. ఒక్క పరీక్షతో ఎనిమిది అతుకులు నిర్దోషులుగా తేలాయి. మిగిలిన ఎనిమిదిలో మళ్లీ సగం, అందులో సగం. నాలుగు పరీక్షలకు దొంగ దొరుకుతాడు.

మూడోది అటూ ఇటూ మార్చి చూడటం. పనిచేస్తున్న ఎడమ బటన్ వైరు తీసి పనిచేయని కుడి కాయిల్‌కు తగిలిస్తారు. అది ‘ఠక్’మంటే కాయిల్ మీద నింద పోయినట్టే.

బల్ల కింది మన యజమాని ఈ మూడూ చేశాడు. ఎడమ పడుతోంది, కుడి పడటం లేదు. వైరు మార్చి చూస్తే కుడి కాయిల్ భేషుగ్గా పడింది. సరే, బటన్ నుంచి వచ్చే వైరులో తప్పుందనుకుని దాని కొస దగ్గర మీటరు పెట్టాడు. మొదట సున్నా చూపించింది. మీటరు నాబ్ డీసీ మీద ఉందని గుర్తొచ్చి, నాలుక కరుచుకుని ఏసీకి తిప్పాడు. 16 వోల్టులు! వైరులో కరెంటుంది, కాయిల్ మంచిది. అయినా రెండింటినీ కలిపితే చప్పుడు లేదు.

ఈ పొడుపుకథ ఎంతమంది కొత్తవాళ్లను ఏడిపించిందో లెక్కలేదు. విప్పితే చాలా చిన్నది. డిజిటల్ మీటరు కొలిచేటప్పుడు దాదాపు ఏమీ కరెంటు తాగదు. వైరులోని పదహారు సన్న పోగుల్లో పదిహేను తెగి ఒక్కటే మిగిలినా, ఆ ఒక్క పోగు గుండా 16 వోల్టులూ వచ్చినట్టే చూపిస్తుంది. ఆంపియర్లు కావాలని కాయిల్ అడిగినప్పుడు మాత్రం ఆ పోగు వల్ల కాదు, వోల్టేజి అక్కడే కుప్పకూలుతుంది. తుప్పుపట్టిన స్క్రూ, పైకి అతుక్కున్నట్టు కనిపిస్తూ లోపల పట్టని ‘డ్రై సోల్డర్’ అతుకు కూడా ఇదే మోసం చేస్తాయి. అందుకే వోల్టేజిని పని జరుగుతుండగా కొలవాలి. మీటరు తగిలించి ఉంచి బటన్ నొక్కాలి. 16 అల్లా 3కు పడిపోతే తప్పు కాయిల్‌కు ముందే ఉంది. అంతకంటే నాటు పద్ధతి, మీటరు బదులు ఓ చిన్న కారు బల్బు తగిలించడం. బల్బు కరెంటు తాగుతుంది కనుక అబద్ధం చెప్పదు. నిండుగా వెలిగితే వైరు బాగున్నట్టు, మిణుకుమంటే లేనట్టు.

గింజంత దీపాలు, కొండంత తలనొప్పి

దీపాల తప్పులు మరో తరహా. పాతరకం బుల్లి బల్బులు గోధుమగింజంత, బియ్యపుగింజంత ఉంటాయి. వాటికి ఏసీ, డీసీ, ప్లస్, మైనస్ ఏదైనా ఒకటే. మాడితే మార్చడమే పని. ఎల్‌ఈడీ వచ్చాక వేడి తగ్గింది, ఆయుష్షు పెరిగింది గాని మర్యాదలు పెరిగాయి. తిరగేసి పెడితే వెలగదు. రెసిస్టర్ లేకుండా 12 వోల్టులకు తగిలిస్తే ఒక్క మెరుపు మెరిసి పోతుంది. ఎర్ర ఎల్‌ఈడీ తనకోసం సుమారు 2 వోల్టులే ఉంచుకుంటుంది, మిగతా పదింటినీ రెసిస్టర్ భరించాలి. వెయ్యి ఓముల రెసిస్టర్ పెడితే 10 మిల్లీఆంపియర్లు పారతాయి. హెచ్‌ఓ వీధిదీపానికి అదే ఎక్కువ, కొందరు అందులో సగంతోనే సరిపెడతారు. పాయింట్ మోటార్లకిచ్చే ఏసీకే ఎల్‌ఈడీని కూడా కలిపేస్తే అది సెకనుకు యాభైసార్లు ఆరి వెలుగుతుంది, తిరగబడ్డ ప్రతి అరచక్రంలోనూ దెబ్బ తింటుంది. పక్కన ఒక డయోడ్ పెడితే ఆ దెబ్బ తప్పుతుంది.

జాతరల్లో, పెళ్లి పందిళ్లలో వేలాడే సీరియల్ సెట్లు చూసినవాళ్లకు మరో తప్పు ఇట్టే తెలుస్తుంది. ఒకే దండలో గుచ్చిన బల్బుల్లో ఒకటి పోతే ఆ వరసంతా పోతుంది. లేఅవుట్ మీద నాలుగైదు ఎల్‌ఈడీలను ఒకే వరసలో గుచ్చి రెసిస్టర్ ఖర్చు మిగుల్చుకున్నవాళ్లకు అదే అనుభవం. ప్రతి దీపానికీ తన రెసిస్టర్, తన కొమ్మ ఉంటే వెతుకులాట నిమిషంలో ముగుస్తుంది.

సిగ్నళ్ల దగ్గరికి వస్తే అసలు రైల్వేకూ బొమ్మ రైల్వేకూ తేడా తెలిసిపోతుంది. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా ఎప్పుడూ కొద్దిగా కరెంటు పారుతూ ఒక రిలేను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చిని, పట్టి ఉంచుతుంది. రైలు వచ్చి ఆ కరెంటును దారి మళ్లించినా, పట్టా విరిగినా, వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా రిలే కింద పడుతుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. పాడైనా రైలును ఆపే వైపే పాడవుతుంది. బల్ల మీది సిగ్నల్‌కు అంత బుద్ధి పెట్టేవాళ్లు తక్కువ. వైరు తెగితే దీపం ఆరుతుంది, అంతే. తప్పు దీపానిదో, వైరుదో, రిలేదో అది చెప్పదు.

కొన్ని తప్పులు గొలుసుకట్టుగా వస్తాయి. రైలు తనంతట తానే పాయింటు మార్చుకోవాలని కొందరు పట్టాల మధ్య రీడ్ స్విచ్చి పెడతారు. సన్న గాజుగొట్టంలో రెండు లోహపు రేకులు, ఇంజిను కింద ఓ చిన్న అయస్కాంతం. అయస్కాంతం పైనుంచి పోగానే రేకులు కలుస్తాయి. ఆలోచన బాగానే ఉంది. అయితే ఆ పలుచటి రేకుల గుండా నేరుగా పాయింట్ మోటారు కరెంటు పంపితే నిప్పురవ్వ పుట్టి రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రైలు వెళ్లిపోయినా స్విచ్చి తెరుచుకోదు. ఇంకేముంది, ‘జుయ్’! మాడిన కాయిల్ మార్చినవాడికి రీడ్ స్విచ్చి మీద అనుమానం రాకపోతే కొత్త కాయిల్‌కూ అదే గతి. రీడ్ స్విచ్చితో చిన్న రిలేను నడిపి, బరువు పని రిలేకు అప్పగిస్తే రేకులు బతికిపోతాయి.

మరో మారువేషగాడు జిగురు. పట్టాల మధ్య కంకర అతకడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురును నీళ్లలో కలిపి చుక్కలుగా వేస్తారు. పాయింటు దగ్గర ఒక చుక్క ఎక్కువైతే అది కిందికి కారి మోటారు కడ్డీ మీద గడ్డకడుతుంది. కరెంటంతా బాగుంటుంది, మీటరు అన్నీ సవ్యమే అంటుంది, పాయింటు మాత్రం ‘టిక్’ అని ఊరుకుంటుంది. అందుకే వైర్లు విప్పేముందు ఒకసారి వేలితో పాయింటును అటూ ఇటూ జరిపి చూడమంటారు. చేతికే బిగువుగా ఉన్నదాన్ని కరెంటు ఏం కదుపుతుంది?

రూపాయి బిళ్ల పరీక్ష

జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతిని ఆధారం చేసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో డీసీసీ అనే డిజిటల్ ప్రమాణాన్ని తెచ్చింది. పట్టాల మీద ఎప్పుడూ నిండు వోల్టేజి ఉంటుంది. ఆ వోల్టేజి దిశ అటూ ఇటూ మారుతూ ఒకట్లు, సున్నాలు చెబుతుంది. ఒకటికి ప్రతి సగం 58 మైక్రోసెకన్లు, సున్నాకు 100 లేదా అంతకంటే ఎక్కువ. ప్రతి ఇంజినుకూ, ప్రతి పాయింటుకూ ఓ నంబరు. ‘12వ పాయింటు ఎడమకు’ అన్న మాట పట్టాల గుండా వెళుతుంది, 12 నంబరున్న డీకోడర్ (ఆ మాటను చదివి పాయింటును నడిపే చిన్న పరికరం) మాత్రమే దాన్ని పట్టించుకుంటుంది. పాయింటు కదలకపోతే వైరుతో పాటు ఇప్పుడు నంబరు కూడా చూసుకోవాలి. డీకోడర్‌ను 13కు పెట్టి, రిమోట్‌లో 12 నొక్కుతూ గంటలు గడిపినవాళ్లున్నారు.

డిజిటల్ పద్ధతి తెచ్చిన చిక్కుల్లో ఒకటి వింటే నవ్వొస్తుంది. పాయింటు తప్పుగా ఉండగా రైలు దాని మీదికి వచ్చి చక్రాలతో రెండు పట్టాలనూ కలిపేసింది. షార్ట్. పవర్ పెట్టె తనను తాను కాపాడుకోవడానికి సప్లై కట్టేసింది. పాయింటు సరిచేస్తే షార్ట్ పోతుంది. కానీ పాయింటు డీకోడర్‌కు కరెంటు వచ్చేది ఆ పట్టాల నుంచే! పాయింటు మారాలంటే కరెంటు రావాలి, కరెంటు రావాలంటే పాయింటు మారాలి. చివరికి చెయ్యి పెట్టి రైలును ఎత్తడమే గతి. పాయింట్లకు, సిగ్నళ్లకు పట్టాలతో సంబంధం లేని వేరే వైరు జత వేసుకోమని తెలిసినవాళ్లు చెప్పేది ఇందుకే.

షార్ట్ అయినప్పుడు పవర్ పెట్టె నిజంగా కట్టేస్తుందా? అమెరికా అభిరుచిదారులు పావు డాలరు నాణెంతో ఈ సంగతి తేలుస్తారు. 16.5 మిల్లీమీటర్ల దూరానికి మన రూపాయి బిళ్లయినా ఒకటే. బిళ్లను రెండు పట్టాల మీదా అడ్డంగా పెడతారు. వెంటనే సప్లై ఆగాలి. లేఅవుట్ అంతటా, ముఖ్యంగా పెట్టెకు దూరంగా ఉన్న మూలల్లో ఇలా చూసుకుంటూ పోతారు. ఎక్కడైనా ఆగలేదంటే అక్కడికి వెళ్లే వైరు మరీ సన్నమని అర్థం. షార్ట్‌ను పెట్టె గుర్తుపట్టలేనంత నిరోధం దారిలోనే ఉంది. 5 ఆంపియర్ల పెట్టె అలాంటి చోట తెగకుండా కరెంటు పోస్తూపోతే చక్రాల దగ్గర ప్లాస్టిక్ కరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఖర్చు లేకుండా షార్ట్ కాపలా కావాలనుకున్న అమెరికన్లు 1156 అనే నంబరు కారు బల్బును ఒక్కో పట్టాల విభాగానికి వరసలో కలుపుతారు. మామూలుగా ఉన్నప్పుడు అది వెలగదు. షార్ట్ కాగానే భగ్గున వెలిగి, కరెంటును సుమారు 2 ఆంపియర్ల దగ్గర ఆపుతుంది, తప్పు ఏ విభాగంలో ఉందో కూడా చూపిస్తుంది. మన ఎలక్ట్రీషియన్లకు ఇదేమీ కొత్త కాదు. రిపేరుకొచ్చిన సామానును నేరుగా ప్లగ్గులో పెట్టకుండా బల్బు బిగించిన సిరీస్ బోర్డు గుండా కరెంటిచ్చి చూడటం ఇక్కడి రిపేరు షాపుల్లో పాత అలవాటు. బల్బు నిండుగా వెలిగిందా, లోపల షార్ట్.

కింద పుట్టిన మాట

బల్ల కింది పని ఎక్కడిదాకా తీసుకెళ్లగలదో తెలియాలంటే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం దాకా పోవాలి. అక్కడి టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ 1946లో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తాత్కాలికంగా కట్టి, 1998 దాకా కూల్చకుండా వాడుకున్న 20వ నంబరు భవనంలో వాళ్ల లేఅవుట్ ఉండేది. సభ్యులు రెండు రకాలు. ఒక వర్గం ఇంజిన్లకు రంగులేసి, కొండలు, ఊళ్లు అందంగా కట్టేది. ‘సిగ్నల్స్ అండ్ పవర్’ అనే రెండో వర్గానికి కొండలతో పనిలేదు. వాళ్ల లోకమంతా కిందే. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల రిలేలు, ఫోన్ డయళ్లు తెచ్చి, ఏ రైలు ఏ విభాగంలో ఎవరి చేతి కింద నడవాలో నిర్ణయించే యంత్రాంగాన్ని అల్లారు. అల్లడం, చెడగొట్టుకోవడం, తప్పు వెతకడం, మళ్లీ అల్లడం.

తెలివైన వైరింగ్ కిటుకును వాళ్లు ‘హ్యాక్’ అనేవారు. పీటర్ శాంసన్ 1959లో కూర్చిన క్లబ్ నిఘంటువులో ఆ మాట ఉంది. ఆ కుర్రాళ్లలో కొందరు తర్వాత ఎంఐటీలోని టీఎక్స్-0, పీడీపీ-1 కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. 1962 నాటి స్పేస్‌వార్ ఆటను ప్రధానంగా రాసిన స్టీవ్ రసెల్ ఈ క్లబ్ సభ్యుడే. ఇప్పుడు పేపర్లలో దొంగతనం వార్తల పక్కన కనిపించే హ్యాకర్ అన్న మాట రైలు బల్ల కింద పడుకుని రిలేలు సరిచేసిన కుర్రాళ్ల మీదుగా వచ్చింది.

అమెరికా నుంచి వచ్చిన సెట్టు

తెలుగు ఇళ్లలోకి ఈ రైళ్లు వచ్చే దారి ఒకటుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చే మేనమామ సూట్‌కేసు అది. రైలు సెట్టు విప్పుతారు, పట్టాలు గుండ్రంగా పరుస్తారు, ప్లగ్గుకు అడాప్టర్ తొడిగి గోడకు పెడతారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజి మార్చదు. పాతరకం ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ అయితే కాసేపటికే వేడెక్కి వాసనొస్తుంది. పెట్టె మీద ‘100–240’ అని రాసి ఉంటే భయం లేదు. ‘120’ అని మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి రిపేరు, గోడ వైపు వైర్లు మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయాలి. బల్ల కింద 16 వోల్టులతో ఎన్ని ప్రయోగాలు చేసినా షాకు భయం దాదాపు ఉండదు. 230తో అలా కాదు.

ఇంజిన్లు, పట్టాలు చాలావరకు బయటి దేశాల నుంచి రావాలి గాని, వాటి చుట్టూ పెట్టే సరంజామాకు ఆ కొరత లేదు. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, రిలేలు, డయోడ్లు, రంగురంగుల వైర్లు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో పట్టాలను కలిపే లోహపు తొడుగులు తొందరగా మాసిపోతాయి. తొడుగును నమ్ముకోకుండా ప్రతి పట్టా ముక్కకూ కింద నుంచి ఒక వైరు టంకం పెట్టుకుంటే ఆ బాధ తీరుతుంది.

ఇక బల్ల కింద వదిలేసిన యజమాని సంగతి. మీటరు తగిలించి ఉంచి, పైనున్న మనవణ్ని బటన్ నొక్కమన్నాడు.

“నొక్కుతున్నా తాతయ్యా.”

పదహారు కాస్తా రెండుకు పడింది. బటన్‌కూ మోటారుకూ సగం దూరంలో ఉన్న టెర్మినల్ బ్లాకు దగ్గరికి పాకి చూశాడు. అక్కడ 16 నిలబడింది. ఆ తర్వాతి బ్లాకు స్క్రూ విప్పగానే వైరు దానంతటదే ఊడి చేతిలోకొచ్చింది. ఎప్పుడో తొక్క ఒలిచేటప్పుడు కటింగ్ ప్లేయరు పోగులన్నింటినీ చుట్టూతా కోసేసింది. మిగిలింది వెంట్రుకంత రాగిపోగు ఒక్కటే. అరంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులు మెలేసి బిగించాడు.

ఠక్.

పైనుంచి చప్పట్లు వినిపించాయి. నోటుపుస్తకంలో ‘7వ పాయింటు, కుడి వైరు, మూడో బ్లాకు’ అని రాసి, తేదీ వేసి, నడుం పట్టుకుని బయటకొచ్చాడు. మనవడు ఈలోపు ఎనిమిదో బటన్ మీద వేలు పెట్టి ఉన్నాడు.

“తాతయ్యా, ఇదేంటి, జుయ్‌మంటోంది?”

“వేలు తియ్యరా ముందు!”